తగరం పేరున సీసం వండుకుంటున్నాం

చారు రుచి సత్తుగిన్నెలోనే ఉందని మన ఇళ్ళలో పెద్దలు చెప్పే మాట. ఆ మాటను ఇప్పుడు వ్యాపారులు అందిపుచ్చుకున్నారు. అమ్మమ్మల కాలం నాటి అచ్చమైన తగరపు గిన్నె అని ఒకరు, వంద శాతం స్వచ్ఛమైన ఈయచెంబు అని మరొకరు ప్రకటనలు గుప్పిస్తున్నారు. ఒకే బరువున్న గిన్నె ఒకచోట ఒక ధర పలుకుతుంది, మరొకచోట అందులో సగమైనా ఉండదు. తక్కువకు దొరికిందని కొన్నవారు సంతోషిస్తున్నారు. నాకు మాత్రం ఆ తక్కువ ధరే భయం కలిగిస్తున్నది. ఈ భయానికి కారణమేమిటో, ఈ విషయంలో నాకు ఎవరి మీద కోపమో దాపరికం లేకుండా చెబుతాను. కోపంలో మొదటి భాగం నా మీదనే.

పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందటి సంగతి. ఆరేళ్ళ పాపను తల్లి నా దగ్గరకు తీసుకువచ్చింది. కడుపునొప్పి, మలబద్ధకం, అన్నం సహించకపోవడం, పాలిపోయిన ముఖం. నేను నులిపురుగుల మందు రాశాను. నెల తరువాత మళ్ళీ వచ్చారు; ఈసారి ఇనుము సిరపు రాశాను. మూడోసారి వచ్చినప్పుడు, బడిలో పాఠం మీద మనసు నిలపడం లేదని టీచరు చెప్పినట్లు కూడా తల్లి చెప్పింది. అప్పటికీ నాకు తట్టలేదు. తట్టినది మా ప్రయోగశాల ఉద్యోగికి. పాప రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి, ఎర్ర కణాలలో నీలి చుక్కలు మితిమీరి ఉన్నాయని చీటీ మీద రాసి ఊరుకోక, మెట్లెక్కి వచ్చి స్వయంగా చెప్పాడు. ఆ చుక్కలు సీసపు విషానికి ఒక ఆనవాలని వైద్యవిద్యలో చదివినవాడినే నేను. చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకొని మరచిపోయాను.

సీసం పరీక్షకు రక్తాన్ని పెద్ద ఊరికి పంపించాము. ఫలితం ఆందోళన కలిగించేటంత ఎక్కువగా వచ్చింది. అది ఎక్కడినుంచి వచ్చిందని వెతకసాగాను. ఇంటికి పాత రంగులు గీకించారా, బ్యాటరీలు విప్పే పని ఎవరైనా చేస్తారా, పాపకు నాటుమందు ఏదైనా పట్టారా అని ఒక్కొక్కటే అడిగాను. అన్నిటికీ లేదనే జవాబు. "మేము ప్లాస్టిక్కు కూడా వాడమండీ డాక్టరు గారూ. అన్నీ పాతకాలపు పద్ధతులే. చారు కూడా సత్తుగిన్నెలోనే కాస్తాను" అన్నది ఆమె, కొంత గర్వంగానే. ఆ గిన్నె తెమ్మన్నాను. చేతిలోకి తీసుకుంటే దాని పరిమాణానికి మించిన బరువు. నాకు తెలిసిన ఒక నగల వ్యాపారి దగ్గర బంగారం నాణ్యత చూసే ఎక్స్ కిరణాల యంత్రం ఉన్నది. బతిమాలి అందులో పెట్టించాము. క్షణాలలో తెర మీద లోహాల సంకేతాలు, వాటి పక్కన పాళ్ళు వచ్చాయి. ఎస్.ఎన్. ఉన్నది. దానితోపాటు పి.బి. కూడా ఉన్నది, అది కొద్దిగా కాదు. ఆ తల్లి తెర వైపు చాలాసేపు చూసింది. "పి.బి. అంటే సీసమేనా అండీ? పదో తరగతిలో సంకేతాలన్నిటికీ నాకు పూర్తి మార్కులు వచ్చాయి" అన్నది.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆమెకు సంకేతం తెలుసు, లోహం పేరూ తెలుసు. ఆ లోహం తన పొయ్యి మీద ఉన్నదని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె చదివిన రసాయనశాస్త్రం వంటింటి గడప దాటి లోపలికి రాలేదు.

సంకేతాలను మన బడులలో ఎక్కాలలాగా వల్లె వేయిస్తారు. తగరానికి ఎస్.ఎన్. ఎందుకు, అందులో త అనే ధ్వని అయినా లేదే అని పిల్లవాడు అడిగితే "అది లాటిన్, రాసుకో" అనే జవాబే ఎక్కువ చోట్ల వస్తుంది. ఆ సంకేతం వెనుక ఉన్న ఆలోచన మాత్రం చాలా గొప్పది. 19వ శతాబ్దం ఆరంభంలో డాల్టన్ మూలకాలకు వృత్తాలు గీసి, వాటిలో చుక్కలు, గీతలు, అక్షరాలు పెట్టాడు. అచ్చువేసేవారికి అది పెద్ద తలనొప్పి. 1813, 1814 సంవత్సరాలలో స్వీడన్ దేశపు వైద్యుడు, రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ లాటిన్ పేర్ల మొదటి అక్షరాలనే సంకేతాలుగా తీసుకుందామన్నాడు. రెండు పేర్లకు మొదటి రెండక్షరాలూ కలిస్తే, తేడా వచ్చే తొలి హల్లును తీసుకోవాలన్నాడు. తగరం లాటిన్ పేరు స్టానమ్. ఆంటిమొనీ పేరు స్టిబియమ్. రెండూ ఒకేలా మొదలవుతాయి కనుక తగరానికి ఎస్ పక్కన ఎన్ చేరింది. అంటే ఒక పదార్థాన్ని మరొకటిగా పొరబడరాదన్న జాగ్రత్తలోనుంచే ఆ రెండక్షరాలు పుట్టాయి. (ఆయన వైద్యుడని నొక్కి చెప్పడంలో నా స్వజాతి అభిమానం కొంత ఉందని ఒప్పుకుంటాను.)

ఆ జాగ్రత్త అవసరం కావడానికి తగిన చరిత్ర ఉన్నది. రోమనులు సీసాన్ని నల్ల ప్లంబమ్ అనీ, తగరాన్ని తెల్ల ప్లంబమ్ అనీ పిలిచారు. వారి లెక్కలో ఇవి ఒకే లోహానికి రెండు రంగులు. స్టానమ్ అనే మాటకు కూడా మొదట వెండీ సీసమూ కలిసిన మిశ్రమమనే అర్థం. తగరమనే అర్థం తరువాత స్థిరపడింది. పి.బి. అనే సంకేతం ఆ ప్లంబమ్ నుంచే వచ్చింది. తమిళంలోనూ ఇదే కథ: సీసం కారీయం, తగరం వెళ్ళీయం. ఒకటి నల్ల ఈయం, మరొకటి తెల్ల ఈయం. కాబట్టి అంగడిలో ఈయచెంబు అని అమ్మేదానిలో ఏ ఈయం ఉన్నదో ఆ పేరు చెప్పదు. తెలుగులో మనం ఇంకొక అడుగు ముందుకు వేశాము. సత్తు అనే ఒక్క మాటను తగరపు మిశ్రమానికి వాడాము, అల్యూమినియానికీ వాడాము. చెల్లని నాణేన్ని సత్తురూపాయి అన్నాము. ఇక కళాయి అంటే కొందరికి రాగి పాత్ర లోపలి తగరపు పూత, మరికొందరికి బజ్జీలు వేయించే మూకుడు. ఇనుప రేకు మీద జింకు పూత ఉన్నా దానిని టిన్ను షీటు అంటాము. సీసమంటే మనవారికి ముందు పద్యం గుర్తుకు వస్తుంది. ఆ తరువాత సీసా. ఇన్ని పేర్ల గందరగోళంలో కల్తీ చేసేవాడు అబద్ధం ఆడవలసిన అవసరం కూడా లేదు. "ఇది సత్తు అమ్మా" అంటే చాలు.

మెండలీవ్ 1869లో ప్రతిపాదించిన ఆవర్తన పట్టిక ఈ నాటి రూపంలో చూడండి. 14వ గ్రూపులో కార్బన్, సిలికాన్, జెర్మేనియం, వాటి కింద 50వ గడిలో తగరం, దాని కిందనే 82వ గడిలో సీసం. రెండూ ఒకే నిలువు వరుసలోని ఇరుగుపొరుగులు. రెండూ మెత్తనివి, రెండూ సులభంగా కరిగేవి. తగరం సుమారు 232 డిగ్రీల సెల్సియస్ వద్ద, సీసం సుమారు 327 డిగ్రీల వద్ద కరుగుతాయి. కలిపితే రెండింటికన్నా తక్కువ వేడికే కరిగే మిశ్రమం తయారవుతుంది. రేడియోలు బాగుచేసేవారు టంకం పెట్టేది దానితోనే. కొత్తగా పోతపోసినప్పుడు మిశ్రమం కూడా తళతళలాడుతుంది. కనుక కంటితో తేడా పట్టడం మీకూ నాకూ సాధ్యం కాదు. ధరలో మాత్రం పోలిక లేదు. తగరం ధర సీసం కంటే పది రెట్లకు పైమాటే. మన దేశంలో తగరపు ఖనిజం చెప్పుకోదగినంతగా దొరికేది ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలోనే. మన అవసరాలకు అది చాలదు, దిగుమతి చేసుకోవలసిందే. కల్తీకి ఇంతకన్నా అనువైన జంట ఇంకెక్కడ ఉంటుంది?

ఇక శరీరం సంగతి. కడుపులోకి వెళ్ళిన తగరంలో పేగులనుంచి రక్తంలో చేరేది అతిస్వల్పం. డబ్బా ఆహారంలో మోతాదు మించినప్పుడు వాంతులు, కడుపునొప్పి వస్తాయి కనుక, అటువంటి ఆహారంలో కిలోకు 250 మిల్లీగ్రాముల వరకు అనుమతించారు. సీసానికి ఇలాంటి వెసులుబాటు లేదు. ఇంతవరకు ప్రమాదం లేదు అని చెప్పగల సీసపు మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతున్నది. మింగిన సీసాన్ని పసిపిల్లల శరీరం పెద్దవారికన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. శరీరం దానిని కాల్షియంగా భ్రమపడి ఎముకలలో దాచిపెడుతుంది. అక్కడ అది దశాబ్దాలు ఉంటుంది. ఆడపిల్ల పెరిగి గర్భవతి అయినప్పుడు ఎముకలనుంచి మళ్ళీ రక్తంలోకి వచ్చి కడుపులోని బిడ్డను చేరుతుంది. రక్తంలో హీమోగ్లోబిన్ తయారీని అడ్డుకుంటుంది, పెరుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. మెదడుకు జరిగిన నష్టాన్ని పూర్తిగా వెనక్కు తెచ్చే మందు మా దగ్గర లేదు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి ఉన్నదని 2020లో యూనిసెఫ్ నివేదిక అంచనా వేసింది. వారిలో సుమారు 27 కోట్ల 50 లక్షల మంది మన దేశపు పిల్లలే. అందరికీ కారణం గిన్నెలే అని నేను అనను. పాత బ్యాటరీలను అడ్డదిడ్డంగా కరిగించడం, రంగులు, కల్తీ పసుపు వంటివి ఎన్నో ఉన్నాయి. అయితే గిన్నె రోజూ పొయ్యి మీదకు ఎక్కుతుంది. అందులో చింతపండు పులుసు మరుగుతుంది. పులుపు, వేడి, సమయం, ఈ మూడూ కలిస్తే లోహంలోని సీసం ద్రవంలోకి దిగుతుంది. సీసాన్ని బయటికి రప్పించడానికి ప్రయోగశాలలో చేసే పరీక్ష కూడా పులుపు పోసి ఉంచడమే. దానినే మనం చారు అంటున్నాము.

ఇంత చెప్పిన తరువాత ఎదురయ్యే ప్రశ్న నాకు తెలుసు. "మా పూర్వీకులు వందల ఏళ్ళు ఇందులోనే తిన్నారు, వారికేమైంది?" ఏమైందో ఎవరు కొలిచారండీ? బడిలో మనసు నిలవని పిల్లవాడిని మొద్దు అన్నారు. కారణం తెలియని కడుపునొప్పిని దిష్టి అన్నారు. నెత్తురు లేని తల్లిని బలహీనురాలు అన్నారు. కొలవని నష్టం లేని నష్టం కాదు. రుచి గొప్పగా ఉంటుందనే వాదన మరింత ప్రమాదకరమైనది. సీసపు లవణాలు తియ్యగా ఉంటాయి. రోమనులు ద్రాక్షరసాన్ని పట్టుబట్టి సీసపు పాత్రలలో మరిగించినది అందుకే, అది మరింత మధురంగా ఉంటుందని.

పైగా పూర్వీకుల పేరు చెప్పేవారు పూర్వీకులు రాసినది చదవరు. మన రసశాస్త్రం తగరాన్ని వంగమనీ, సీసాన్ని నాగమనీ వేర్వేరుగా పేర్కొన్నది. అంతటితో ఆగక వంగంలో ఖురకం, మిశ్రకం అని రెండు రకాలు చెప్పి, ఖురకమే శ్రేష్ఠమని, మిశ్రకం పనికిరాదని తేల్చింది. రసరత్నసముచ్చయం వంటి గ్రంథాలలో ఈ విభజన కనిపిస్తుంది. ఈనాటి యంత్రాలేవీ లేని రోజులలో ఆ పండితులు చూపిన పట్టింపులో నాలుగోవంతయినా ఈనాటి సంప్రదాయ పాత్రల వ్యాపారికి ఉంటే నేను ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. సంప్రదాయం మీద నాకు తగాదా లేదు. దానిని మిశ్రకంగా మార్చి అమ్మేవారితోనే తగాదా.

కళాయి వేసే కార్మికుడిని ఈ కోపంలో కలపకండి. కొలిమి తిత్తి ఊదుతూ, రాగి గిన్నెను కాల్చి, నవసాగరం చల్లి, దూదితో తగరాన్ని లోపలంతా పూసే ఆ పనిని చిన్నప్పుడు వీధిలో నోరు తెరుచుకొని చూసినవాడిని. తెల్లని పొగ లేచి, నల్లబడిన గిన్నె ఒక్కసారిగా వెన్నెలలా మెరిసేది. అంగడివాడు తగరమని ఇచ్చిన కడ్డీనే అతడు కొంటాడు. అందులో సీసముంటే దాని పొగ అందరికన్నా ముందు పీల్చేది అతడే.

నా కోపం ప్రభుత్వం మీద. 2000 సంవత్సరంలో పెట్రోలునుంచి సీసాన్ని తొలగించారు. ఇంటి గోడకు వేసే రంగులో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళ సీసం మించరాదని 2016లో నియమాలు తెచ్చారు. రెండూ మంచి పనులే. చెవికి పెట్టుకునే బంగారు కమ్మకు 2021నుంచి హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. ఇప్పుడు హాల్‌మార్కు వేసిన ప్రతి నగకూ ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటున్నది. బంగారంలో రాగి కలిస్తే పోయేది డబ్బు. తగరంలో సీసం కలిస్తే పోయేది పిల్లవాడి బుద్ధి. అయినా కమ్మకు ఉన్న ముద్ర గిన్నెకు లేదు. రాగి, ఇత్తడి పాత్రలకు సరిగా కళాయి వేసి ఉండాలని ఆహార భద్రతా నిబంధనలలో ఉన్నది. ఆ "సరిగా" అన్న మాటను పాత్రల బజారులో నిలబడి అమలు చేసేవారిని నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు.

ఇది మన ఊళ్ళకే పరిమితమైన బాధ కూడా కాదు. అమెరికాలోని పిల్లలకు, మనవలకు సామాను సర్దే తెలుగు తల్లిదండ్రులు ఒక గిన్నె కూడా పెట్టెలో పెడతారు. ఆ దేశపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2025లో దిగుమతి అయిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం వంటపాత్రలనుంచి సీసం ఆహారంలోకి దిగుతున్నదని హెచ్చరించింది. వాటిలో మన దేశంలో తయారైనవీ ఉన్నాయి. వాషింగ్టన్ రాష్ట్రం 2024లోనే వంటపాత్రలలో సీసం మీద చట్టం చేసింది. మన గిన్నెను వారు పరీక్షించి మనకు చెప్పవలసి రావడం సిగ్గుపడవలసిన విషయం కాదా?

ఇది చదివి కళాయి గిన్నెలన్నీ అటక ఎక్కించి, పూత లేని ఇత్తడిలో పులుసు పెట్టేవారు కూడా ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. చిలుమెక్కిన రాగిలో, ఇత్తడిలో పులుపు వండితే వాంతులు ఖాయం. స్వచ్ఛమైన తగరంతో వేసిన కళాయి మంచిదే. సందేహం తీరేదాకా పులుపు వంటలకు స్టీలు గిన్నెనో మట్టికుండనో వాడండి. చారులో ఆ రుచి తగ్గితే తగ్గనివ్వండి. ఇదివరకే కొన్న సత్తుగిన్నె ఉంటే, దగ్గరలో నగల నాణ్యత పరీక్షించే కేంద్రం ఉంటే అడిగి చూడండి. చాలాచోట్ల ఉన్న యంత్రమే చాలావరకు సంగతి చెప్పగలదు. పి.బి. అన్న అక్షరాలు కనిపిస్తే, పాళ్ళు ఎంతని బేరమాడకుండా ఆ గిన్నెను పొయ్యికి దూరం చేయండి. అందులో రోజూ వండిన ఆహారం తిన్న పిల్లలుంటే డాక్టరుకు చెప్పి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. డాక్టరు నావలె నులిపురుగుల మందు రాయబోతే మర్యాదగా ఆపి మళ్ళీ అడగండి. కొత్తది కొనేటప్పుడు తగరం ఎంత, సీసం ఎంత అని రశీదు మీద రాసి ఇమ్మనండి. రాయనన్నవాడి దగ్గర కొనకండి.

సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు కూడా ఒక విన్నపం. ఎస్.ఎన్., పి.బి. పాఠం చెప్పే రోజున పిల్లలను తమ ఇంటి పాత్రల జాబితా రాసుకు రమ్మనండి. ఏ పాత్ర ఏ లోహమో అమ్మమ్మను అడగమనండి. సగం పాత్రలకు జవాబు దొరకదు. ఆ ఖాళీల దగ్గరే పాఠం మొదలుపెట్టండి.

ఆ పాప రక్తంలో సీసం తగ్గడానికి చాలా నెలలు పట్టింది. కడుపునొప్పి పోయింది, ముఖానికి రంగు వచ్చింది. చదువు సంగతి తల్లి చెప్పలేదు, నేను అడగలేకపోయాను. చివరిసారి వచ్చినప్పుడు ఆ గిన్నెను ఏం చేయమంటారని ఆమె అడిగింది. పాతసామాన్ల వాడికి వేస్తే అది కరిగి మరొక ఇంటికి మరొక గిన్నెగా చేరుతుందని, నాకే ఇచ్చేయమన్నాను. ఇప్పటికీ నా బీరువాలో పై అరలో ఉన్నది. ఎవరూ పొరపాటున వంటింట్లోకి తీసుకుపోకుండా దాని మీద ప్లాస్టరు ముక్క అంటించి, పి.బి. అని రాసి పెట్టాను.